తలుపేసుకొని తిన్న అన్నం

నేను సన్నగా ఉన్నానని ఈ భూమ్మీద నమ్మిన మనిషి ఒక్కతే, మా అమ్మ. మిగతా గద్వాల అంతా వేరే అభిప్రాయంలో ఉండేది. నేను ఆ మిగతా గద్వాలతోనే ఏకీభవించేదాన్ని. నా ఒళ్లు మోసేది నేనే కదా, బరువు నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది.

ఎనభైల నాటి మాట. మా వీధిలో అన్నీ నేత ఇళ్లే. ముందు గదిలో మగ్గం, దాని కింద గుంత, ఆ గుంతలో కాళ్లు పెట్టుకొని పొద్దంతా మా నాయిన. నేతవాళ్ల పిల్లలు మామూలుగా దారప్పోగుల్లా ఉంటారు. నేను పడుగులోకీ రాను, పేకలోకీ రాను, చుట్టి పడేసిన ఉండలా ఉండేదాన్ని. ఆట మొదలుపెట్టేటప్పుడు వీధి పిల్లలు నన్ను ఏ జట్టులో వేసుకోవాలో తేలక, రెండు జట్ల మధ్య నిలబెట్టి "నువ్వు గీతవు, కదలకు" అనేవాళ్లు. గీత అంటే సన్నగా ఉండాలి కదా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది. అడగలేదు. గీతలు మాట్లాడవు.

అమ్మ మాత్రం రోజూ పొద్దున నా జబ్బ పట్టుకొని చూసేది. "చూడు, బొక్క చేతికి తగుల్తున్నది" అని నిట్టూర్చేది. ఏ ఎముకో నాకు తెలియదు, నేను ఎంత తడుముకున్నా దొరికేది కాదు. ఆ జబ్బకే బీచుపల్లి ఆంజనేయుడి గుడి నుంచి తెచ్చిన తాయెత్తు ఉండేది, నల్ల నూలుదారంతో కట్టింది. కొన్నాళ్లకు ఆ దారం బిగిసి చర్మం మీద గాడి పడేది. అప్పుడు అమ్మ దారాన్ని అనుమానించేది గాని నన్ను కాదు.

"నూలు గద, నీళ్లు తగిల్తె గుంజుకుంటది" అని దాన్ని తెంపి కొత్తది వదులుగా కట్టేది.

నాయిన గుంతలోంచి తల ఎత్తి, "అది ఉడకవెట్టిన నూలు. ఇంక యాడ గుంజుకుంటది?" అనేవాడు.

"నూలు సంగతి నీకేం తెలుసు" అనేది అమ్మ.

తాతల నాటి నుంచి నూలుతోనే బతికిన మనిషిని అలా ఒక్క మాటతో కొట్టిపారేసేది. ఆయన మళ్లీ తల దించుకొని పడుగు పోగుల మధ్య నాడె విసురుకునేవాడు. దారం తడిస్తే గుంజుకుంటుందన్నది మా వీధిలో అందరూ ఎరిగిన నిజమే. అది నా ఒక్కదాని చేతికి మాత్రమే ఎందుకు గుంజుకుంటుందో అమ్మ ఆలోచించలేదు.

అసలు సంగతి తలుపుది. మా వంటింటి పక్కన చిన్న గది ఉండేది. నూలు మూటలు, గంజి గిన్నెలు, విరిగిన మగ్గం కర్రలు పెట్టుకునే గది. నేను అందులోనే తినాలి, అదీ తలుపు వేసుకొని. అమ్మ కంచం లోపల పెట్టి, బయటి నుంచి తలుపు దగ్గరికి వేసి, గడప పక్కన రాట్నం ముందు కూర్చొని కండెలు చుట్టేది. వీధిలోంచి ఎవరో ఒకరు వచ్చేవాళ్లు. ఎక్కువగా వచ్చేది వెనకింటి ఆమె. రాయచూరు వైపు నుంచి కోడలిగా వచ్చింది, పలకరింపు ఇంకా అక్కడి కన్నడమే.

"ఊట ఆయ్తా? పిల్ల తిన్నదా?"

"యాడ తింటదక్కా. ముద్ద ముట్టదు" అనేది అమ్మ దిగులుగా.

లోపల నేను మూడో జొన్నరొట్టె మీద ఉండేదాన్ని. అమ్మ మాట అబద్ధం కాకూడదని చప్పుడు లేకుండా తినడం నేర్చుకున్నాను. ఉల్లిగడ్డతోనే చిక్కు. కొరికితే కరకర బయటికి వినబడుతుంది. అందుకని ముక్కను నోట్లో పెట్టుకొని మెత్తబడేదాకా ఆగేదాన్ని. ఉల్లిగడ్డ మెత్తబడేది కాదు గాని నా కళ్లు తడిసేవి.

ఆ అలవాటు నన్ను చాలా దూరం వెంటాడింది. తొంభైల్లో వనపర్తిలో చదువుకునేటప్పుడు హాస్టల్‌లో అందరం ఒకే హాల్లో వరసగా కూర్చొని తినాలి. నేను కంచం పట్టుకొని తెలియకుండానే గోడవైపు తిరిగి, తల వంచుకొని, పెదవులు మూసుకొని నమిలేదాన్ని. నా పక్కన కూర్చునే క్రైస్తవుల అమ్మాయి నేను ప్రార్థన చేసుకుంటున్నాననుకొని, అయిపోయేదాకా తనూ తినకుండా ఆగేది. ఆమె మర్యాదకు నేను రుణపడ్డాను, ఆమె అన్నం చల్లారిపోయింది.

గది సంగతికి వస్తాను. సాయంత్రమైతే వీధి పిల్లలంతా రొట్టె చుట్ట చేతిలో పట్టుకొని ఎవరో ఒకరి అరుగెక్కేవాళ్లు. "మీ పల్లిపొడి జర పెట్టు, మా గోంగూర పెడ్త" అని బేరాలు సాగేవి. ఒకరి రొట్టె ఒకరు గుంజుకోవడం, కింద పడితే ఊదుకొని తినడం, కారం ఎక్కువై నాలుక బయట పెట్టుకొని ఎగరడం, అన్నీ నాకు తలుపు ఇవతల నుంచి వినబడేవి. నా దగ్గర పల్లిపొడి ఉంది, గోంగూర ఉంది, ఒక్కోసారి నెయ్యి కూడా ఉంది. గుంజుకునేవాళ్లు లేరు. తిండి ఎక్కువై ఒంటరి అయినవాళ్లు మా వీధిలో నేను తప్ప ఇంకెవరూ ఉండరు.

తలుపు ఎందుకు వేస్తున్నావని అమ్మను ఒకసారి అడిగాను. "దిష్టి తగుల్తది" అంది. నేను నమ్మలేదు. దిష్టి అందమైన వాటికి తగులుతుందని విన్నాను. గుమ్మానికి వేలాడే బూడిద గుమ్మడికాయకు ఎవరూ దిష్టి తియ్యరు, అది దిష్టి తియ్యడానికి పనికొస్తుంది అంతే. అద్దంలో చూసుకొని నన్ను నేను ఆ గుమ్మడికాయ పక్కనే వేసుకున్నాను. కాబట్టి దిష్టి అన్నది సాకు. నేను లావుగా ఉన్నానని అమ్మకు సిగ్గు. సిగ్గుపడే వస్తువునే కదా ఎవరైనా లోపల దాచేది.

మల్దకల్‌లో ఒక పెళ్లి ఆ అనుమానాన్ని ఖాయం చేసింది. పెళ్లికి పోయేముందే అమ్మ నాకు ఇంట్లో తినిపించి తీసుకుపోయింది. అక్కడ బంతి కూర్చుంది. నా ఈడు పిల్లలంతా విస్తళ్ల ముందు. నేను అమ్మ పక్కన నిలబడి, బూరెలు ఎవరెవరి విస్తరిలో పడుతున్నాయో చూస్తున్నాను.

వడ్డించే ఆమె అడిగింది. "పిల్లను గూసోవెట్టవా?"

"దానికి కడుపు నొస్తున్నది" అంది అమ్మ.

"పొద్దుగాల గూడ తినలేదా?"

"లేదు."

ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "తినకుంటనే గిట్లున్నదా! మావోడు కుండెడు తిన్నా బొక్కలే. జర మీ ఇంటి గాలి సీసల వట్టి పంపు తల్లీ, మావోనికి తాపుత."

బంతి బంతంతా నవ్వింది. నేను కూడా నవ్వబోయాను. నన్ను చూసి నవ్వేటప్పుడు నేనూ కలిస్తే కాస్త తక్కువ నొప్పి అని గీతగా నిలబడ్డ రోజుల్లోనే కనిపెట్టాను. కాని అమ్మ ముఖం చూసి ఆగిపోయాను. ఆమె నా చేయి పట్టుకొని పెళ్లి చూడకుండానే బస్సెక్కించింది. ఇంటికి రాగానే ఉప్పు, ఎండుమిరపకాయలు నా చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా పొగ. గుంతలో నాయిన దగ్గీ దగ్గీ నాడె వదిలేశాడు. వెనకింట్లోంచి కూడా దగ్గు వినబడింది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ, "జూసినవా, జర గూడ ఘాటు రాలే. గంత దిష్టి తగిలింది" అంది.

ఆ దగ్గుల మధ్య నేను ఒక నిర్ణయానికి వచ్చాను. సన్నబడాలి. సన్నబడితే అమ్మకు సిగ్గు పోతుంది, సిగ్గు పోతే తలుపు తెరుస్తుంది. ఒకవేళ తెరవడం మరిచిపోయినా, తలుపు సందులోంచి బయటికొచ్చేంత సన్నబడితే సరిపోతుంది.

గదికి వెనకవైపు చిన్న కిటికీ ఉంది. కిటికీ కింద వెనకింటి వాళ్ల పెరడు, పెరట్లో కట్టేసిన మేక. మొదటి రోజు సగం రొట్టె వేశాను. మేక నా వైపు కూడా చూడకుండా తినేసింది. మర్నాడు కిటికీ కిందికి ముందే వచ్చి నిలబడింది. తర్వాత ఒకటిన్నర, తర్వాత రెండు. పల్లిపొడి అద్ది వేస్తే దానికి మరీ ఇష్టం. నాకు ఆకలయ్యేది, నిజమే. కాని నేను పెట్టింది ఎవరైనా నా ఎదురుగా తింటుంటే చూడడం అదే మొదలు. అది ఏ మాత్రం సిగ్గు లేకుండా గడ్డం ఊపుకుంటూ కరకర నమిలేది. దాన్ని చూస్తే నాకు కొంచెం ఈర్ష్య, కొంచెం తోడు.

నేను నిజంగానే తగ్గాను. గౌను భుజాల మీంచి జారింది. తాయెత్తు మోచేతి దాకా దిగింది. నేను లోలోపల పండగ చేసుకుంటుంటే అమ్మ గదికి కాపలా పెంచింది. తలుపు సందుల్లో పాత గుడ్డలు కుక్కింది. రొట్టె మీద నెయ్యి ఎక్కువ పోసింది, అది మేకకు ఒంటబట్టింది. అమ్మకు నా ఒంట్లో ఇదివరకు లేని బొక్క ఒకటి ఇప్పుడు నిజంగానే చేతికి తగలడం మొదలైంది. కాని ఆమె చాలా ఏళ్లుగా దాన్ని తాకుతూనే ఉంది కాబట్టి, తేడా ఏమిటో చెప్పలేక వట్టి భయంతో నా వైపు చూసేది.

మేక వల్లే గుట్టు బయటపడింది. ఒకనాడు వెనకింటి ఆమె నవ్వుకుంటూ వచ్చింది.

"మీ బిడ్డ పుణ్యాన మా మేక మస్తు బలిసిందక్కా. నెయ్యి రొట్టెలకు మరిగి గడ్డి ముట్టుకుంట లేదు. దసరకు కోద్దమంటే మావోళ్లు, గింత నెయ్యి తిన్నదాన్ని కోసేతందుకు మనసొస్తలేదంటుండ్రు."

అమ్మ రాట్నం ఆపి లోపలికి వచ్చింది. నా ముందు కూర్చుంది. "ఎందుకు పారేసినవే?"

నేను కంచం అంచు గీకుతూ కూర్చున్నాను.

"కారమయిందా? మాడిందా? ఎవరన్న ఏమన్న వెట్టిన్రా నీకు? చెప్పు బిడ్డా."

చెప్పాలనే ఉంది. కాని నేను "నీకు నేనంటే సిగ్గు కదా" అని అడిగి, ఆమె "అవును" అంటే? అప్పటిదాకా అది నా లెక్క మాత్రమే. తప్పయ్యే అవకాశం ఉన్న లెక్కను సరిచూసుకోకుండా ఉంచుకోవడంలో ఒక సుఖం ఉంది.

నాయిన గుంతలోంచే అన్నాడు. "దవాఖానకు తోల్కపో."

"ఈడొద్దు. నలుగురు జూస్తరు. వనపర్తి పోత" అంది అమ్మ.

నలుగురు చూస్తారట. నా లెక్క సరిపోయిందనుకున్నాను.

బస్సులో కండక్టర్ నన్ను చూసి ఏమీ అడగకుండా హాఫ్ టికెట్ చింపాడు. అంతకుముందు ఎప్పుడు బస్సెక్కినా నా వయసు మీద వాదన జరిగేది. "ఇంత పిల్లకు హాఫా?" అని కండక్టర్, "ఒళ్లు జూసి వయసు చెప్తవా?" అని అమ్మ. ఆ రోజు వాదన లేదు. నేను గర్వంగా కిటికీ వైపు తిరిగాను. అమ్మ ఆ టికెట్ చేతిలో పట్టుకొని కళ్లనీళ్లు పెట్టుకుంది. బీచుపల్లి దగ్గర కృష్ణ దాటుతుంటే గుడి వైపు తిరిగి దండం పెట్టింది. ఏం మొక్కుకుందో వినబడలేదు.

దవాఖానలో నర్సమ్మ నన్ను కాంటా మీద నిలబెట్టింది. ముల్లు కాసేపు ఊగి ఆగింది.

"వయసుకు తగ్గ బరువే ఉన్నది" అంది.

"సరిగ్గ జూడు తల్లీ. మీ కాంట తప్పున్నదేమో."

"కాంట మంచిగనె ఉన్నదమ్మా. పొద్దుగాల నుంచి అందర్నీ దీని మీదనే చూస్తున్న."

అమ్మకు సన్న, నాకు లావు, కాంటాకు మామూలు. ముగ్గురిలో నన్ను ముందు నుంచీ ఎరగనిది కాంటా ఒక్కటే.

డాక్టరమ్మ నా నాలుక చూసి, కళ్ల కింది రెప్పలు లాగి చూసి, నన్నే అడిగింది. "ఇంట్ల అన్నం లేదా?"

"ఉన్నది."

"ఆకలి కాదా?"

"అయితది."

"మరెందుకు తింటలేవు?"

ఆమె ఎవరో నాకు తెలియదు, మళ్లీ కనబడదు. అందుకే నోరు వచ్చింది. "నేను లావున్ననని మా అమ్మకు సిగ్గు. అందుకే తలుపేసి పెడ్తది. సన్నగైతె తీస్తదని."

డాక్టరమ్మ అమ్మ వైపు చూసింది. "గట్ల పిల్లను దాస్తరామ్మా ఎవరన్న?"

అమ్మ బలం మందు సీసా తీసుకొని, నా మణికట్టు పట్టుకొని బయటికి నడిచింది. నేను తప్పు చేశాననుకున్నాను. సిగ్గుపడే సంగతిని ఇంకొకరి ముందు బయటపెట్టాను కదా.

దవాఖాన ప్రహరీ గోడ నీడలో చాలామంది కూర్చొని ఉన్నారు. మా పక్కన ఒకామె, జ్వరం వచ్చిన చంటివాడిని ఒళ్లో వేసుకొని సద్ది మూట విప్పుతోంది. నాగర్‌కర్నూల్ వైపు పల్లె నుంచి వచ్చామని, కాలువలు తవ్వే పనికి ఎక్కడెక్కడికో పోయి వస్తుంటామని అడగకుండానే చెప్పింది. అమ్మ కూడా మా మూట విప్పింది. నన్ను గోడవైపు తిప్పి కూర్చోబెట్టి, చేతిలో రొట్టె పెట్టి, కొంగు ఎత్తి తెరలా పట్టుకుంది.

"ఏందమ్మా, పిల్లకు స్నానం చేపిస్తున్నవా, గట్ల చాటు వట్టినవు?" అంది ఆమె.

"తింటున్నది."

"తినేతందుకు చాటెందుకు?"

అమ్మ కొంగును ఇంకో చేతికి మార్చుకుంది. తర్వాత, నాకు కాదు, ఆ పేరు కూడా తెలియని ఆమెకు చెప్పడం మొదలుపెట్టింది. "దీని ముందుగాల ఇద్దరున్నరు నాకు. పెద్దోడు అరుగు మీద గూసోని తింటుండె. బొద్దుగ, ముద్దుగ. పోయేటోళ్లు వచ్చేటోళ్లు ఆగి జూసేది. 'ఎంత మంచిగ తింటుండు నీ కొడుకు' అన్నదొకామె. వారం గూడ ఆగలే, జ్వరమొచ్చి పోయిండు. ఎనక ఆడపిల్ల. అదీ గంతే, అందరి చేతులల్ల తిరుగుకుంట తిన్నది, అందరి చేతులల్లకెల్లి పోయింది. ఇగ దీన్ని ఎవ్వరికి సూపియ్యొద్దనుకున్న." నా వైపు తల తిప్పింది. "ఇదేమో నాకు సిగ్గంటున్నది."

ఆమె చంటివాడి నుదురు తుడిచింది. "నాది గూడ ఒకటి పోయింది. బొంబాయి దిక్కు పనికి పోయినప్పుడు. దాన్నెవ్వరు జూడలే తల్లీ. జూసేటోళ్లే లేకుండిరి ఆడ."

అమ్మ చేతిలో కొంగు కొంచెం దిగింది. ఆ సందులోంచి నేను ఆమె ముఖం చూశాను. నాకు ముందు ఇద్దరున్నారని మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు. వాళ్ల ఫోటో లేదు, బట్టలు లేవు, పేరు పిలిచిన గుర్తు లేదు. ఇంతకాలం అమ్మ నన్ను ఎవరి నుంచి దాచిందో నాకు తెలిసింది గాని, ఆ తెలిసినదాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. రొట్టె చేతిలో అలాగే ఉంది.

"నువ్వు గూడ తిను. లేకుంటె నేను తినను" అన్నాను.

అమ్మ చుట్టూ చూసింది. అన్నీ కొత్త ముఖాలే, అన్ని ముఖాలకూ కళ్లున్నాయి. కొంగు దించలేకపోయింది. ఇంకొంచెం ఆలోచించి, దగ్గరికి జరిగి, ఆ కొంగునే మా ఇద్దరి తలల మీదికి లాక్కుంది. ముతక నూలు చీర, ఎండ దానిలోంచి చిన్న చిన్న గళ్లుగా లోపలికి వచ్చింది. మోచేతులు తగులుకుంటున్నాయి. అమ్మ రొట్టె తుంచి నోట్లో పెట్టుకుంది. ఆమె ఎడమ వైపే నములుతుందని, కుడివైపు ఒక పన్ను లేదని అంత దగ్గరగా అప్పుడే చూశాను.

ఆ తర్వాత మా ఇంట్లో తలుపు తెరుచుకుందని రాస్తే బాగుంటుంది. తెరుచుకోలేదు. ఒక్క బస్సు ప్రయాణంతో తీరే భయం కాదు అది. అమ్మకు లోపలికి వచ్చి నా పక్కన కూర్చునే తీరికా దొరకలేదు, గడప దగ్గర కండెలు చుట్టకపోతే నాయిన మగ్గం ఆగిపోతుంది. నేను లోపల, ఆమె బయట. మేకకు వెయ్యడం మానేశాను, మళ్లీ ఒళ్లు చేశాను. ఒంటరితనం మాత్రం తగ్గలేదు, రకం మారింది. ఇప్పుడు ఆ గదిలో కూర్చుంటే, అరుగు మీద తింటూ పోయిన అన్న గురించి ఆలోచన వచ్చేది. ఉండి ఉంటే ఇద్దరం తలుపు ఇవతల ఉండేవాళ్లమా, అవతలా? నా రొట్టె గుంజుకునేవాడా?

ఒకరోజు ఉండబట్టలేక తలుపు దగ్గరికి జరిగి, లోపలి నుంచే అడిగాను.

"అమ్మా, అన్నకు ఏం కూరంటే ఇష్టముండె?"

బయట రాట్నం ఆగింది. లేచి పోయిందేమో అనుకున్నాను.

"చింతచిగురు పప్పు" అంది అమ్మ. వీధిలో ఎవరైనా వింటారన్న జంకు లేకుండా, మామూలు గొంతుతోనే, "మస్తు తింటుండె" అంది.